క్లబ్బులో జానపద సాయంత్రం: డబ్బిచ్చి కచేరీ పెట్టాలా, మనమే పాడుకోవాలా?

పాత మెంబరు:
మాది చిన్న టౌను క్లబ్బు. పేకాట గది, షటిల్ కోర్టు, ఓ మాదిరి హాలు ఉన్నాయి. నెలకో శనివారం జానపద సాయంత్రం జరుపుతున్నాం. ఒక నెల బయటి బృందం వస్తుంది, మరుసటి నెల మెంబర్లూ వాళ్ళ ఇళ్ళవాళ్ళూ పాడతారు. ఇప్పుడు కమిటీ రెండుగా చీలింది. మెంబర్ల పాటలు ఆపేసి, 200 రూపాయల టికెట్టు పెట్టి మంచి బృందాల్నే పిలుద్దామని కొందరు. బృందాల ఖర్చు దండగ, మనమే పాడుకుందామని మిగతావాళ్ళు. మీరేమంటారు?

శ్రుతిపెట్టె:
కచేరీకే నా ఓటు. మెంబర్ల సాయంత్రాలు చాలా చూశాను. ఒకాయన ఫోన్లో యూట్యూబ్ ట్రాక్ పెట్టుకుని, సాహిత్యం చూసి చదువుతూ పాడతాడు. పాట ఒక దారి, ట్రాక్ ఒక దారి. దాన్ని జానపదం అనడం కంటే కరోకే అనడం న్యాయం. అదే పన్నెండు మెట్ల కిన్నెరని, సొరకాయ బుర్రలు కట్టిన ఆ తీగల వాద్యాన్ని, ఎదురుగా కూర్చుని విన్నవాడు జన్మలో మరచిపోడు. ఆ బుర్రల్లోంచి వచ్చే నాదం స్పీకర్లో రాదు.

సూర్యాపేట రోడ్డు:
కిన్నెర సంగతి ఒప్పుకుంటాను. కానీ జానపదమంతా కుర్చీలో కూర్చుని వినేది కాదండీ. బుర్రకథే చూడండి. కథకుడు తంబుర పట్టుకుని కథ నడిపిస్తాడు. పక్కన గుమ్మెటలు వాయించే ఇద్దరు వంతలు లేకపోతే అది అడుగు ముందుకు పడదు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం చెబుతారు. షేక్ నాజర్ గారికి 1986లో పద్మశ్రీ తెచ్చిన కళ అది. ఇక బతుకమ్మ పాటలో ఒకామె చరణం అందుకుంటే ‘ఉయ్యాలో’ అనేది చుట్టూ ఉన్నవాళ్ళందరూ. నాట్ల పాటలూ అంతే. వంత పాడే జనం లేని చోట ఈ పాటలకి ఊపిరాడదు.

మా క్లబ్బులో జరిగింది చెప్తాను. ఒక మెంబరు గారి తల్లి, డెబ్భై దాటిన మనిషి. స్టేజీ ఎక్కించి మైకు చేతికిస్తే నోరు పెగల్లేదు. “నాకేం రావు నాయనా” అని దిగిపోయింది. కాసేపటికి వెనక వరసలో నలుగురు ఆడవాళ్ళు ఆమె చుట్టూ చేరి కబుర్లాడుతుంటే తిరగలి పాట ఎత్తుకుంది. కుడిచేయి గాలిలోనే పిడి పట్టుకుని తిప్పుతోంది, దాని వేగమే పాటకి తాళం. ట్రాక్ లేదు, మైకు లేదు. అలాంటి పాటని ఏ బృందమూ మీకు తెచ్చివ్వదు. మెంబర్ల రోజు తీసేస్తే పోయేది అదే.

టౌన్‌హాల్ పక్కిల్లు:
ఏదైనా పెట్టుకోండి, రాత్రి 10 దాటితే ఆరుబయట లౌడ్‌స్పీకర్ మాత్రం వద్దు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉన్న మాటే. తలుపులు మూసిన హాల్లో అయితే మీ ఇష్టం.

దరువు:
అందరూ వినేవాళ్ళ వైపు నుంచే మాట్లాడుతున్నారు. మా చిన్నాన్న డప్పు బృందం నడుపుతాడు. ఒక క్లబ్బు పిలిచింది, పేరొద్దు. చలికాలం సాయంత్రం, మంచుకి తోలు మెత్తబడి డప్పు ‘దబ్ దబ్’ అంటోంది. కాచుకోవడానికి కాస్త గడ్డిమంట వేసుకుంటామంటే సెక్రటరీ గారు “లాన్ పాడైపోతుంది” అన్నారు. రోడ్డవతల మంట వేసుకుని, ఒక్కో డప్పూ కాచుకుని మోసుకొచ్చారు. సగం ఆట అయ్యేసరికి మళ్ళీ మెత్తబడింది. భోజనాలు వెనక గేటు దగ్గర పెట్టారు. చివర్లో శాలువాలు, మెమెంటోలు, ఫోటోలు. వ్యాను కిరాయి పోను మనిషికి మిగిలింది ఒక రోజు కూలి కూడా కాదు.

కిన్నెర మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన కూలిపనికి వెళ్తున్న సంగతి పేపర్లలో చదివాం. శాలువాలతో ఇల్లు గడవదని అంతకంటే ఎవరు చెప్పాలి? కాబట్టి టికెట్టు పెట్టండి. వచ్చిన డబ్బు ఎవరికి పోతుందో కూడా నోటీసు బోర్డులో పెట్టండి.

ఇంగ్లండ్ నుంచి:
ఇక్కడ ఫోక్ క్లబ్బులు 1950ల నుంచీ ఉన్నాయి. ఎక్కువగా పబ్బుల మేడగదుల్లో జరుగుతాయి. ఒక వారం పిలిచిన గాయకుడికి డబ్బిస్తారు, టికెట్టు ఉంటుంది. అతని ముందు ఊరివాళ్ళు ఒకటి రెండు పాటలు పాడతారు. ఇంకో వారం అతిథి ఉండడు, వరసగా అందరూ పాడతారు. పల్లవి వస్తే గదంతా కలుస్తుంది. మీరు రెంటినీ ఎందుకు విడదీస్తున్నారో నాకు అర్థం కాలేదు.

దరువు:
అన్నా, అక్కడ పాడేవాడూ వినేవాడూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. ఇక్కడ డప్పు వెనక కులం ఉంది. ఒగ్గు కథ కురుమల, గొల్లల బతుకుతెరువు. మల్లన్న దేవుడికి రంగుల ముగ్గులేసి చేసే పట్నాల దగ్గర రాత్రంతా చెప్పే కథని మీ మెంబరు పది నిమిషాలకి కుదించి పాడితే చప్పట్లు. అదే కథ చెప్పే మనిషికి మీ క్లబ్బులో మెంబర్షిప్ దొరుకుతుందా?

సూర్యాపేట రోడ్డు:
ఆ మాటకి జవాబు లేదు తమ్ముడూ. మెంబర్లు తమ ఇళ్ళ పాటలు పాడుకోవాలి, తిరగలి, ఉయ్యాల, పెళ్ళి పాటలు. వృత్తి కళాకారుల కథలు వాళ్ళ నోటనే వినాలి, వాళ్ళడిగిన రేటు ఇచ్చి.

శ్రుతిపెట్టె:
ఇంటి పాటలే అని గీత గీస్తే మెంబర్లలో పాడేవాళ్ళు ఎంతమంది మిగులుతారు? సగం మందికి ఆ పాటలే రావు. అందుకే ట్రాకులు పెట్టుకుంటున్నారు.

పాత మెంబరు:
రానివాళ్ళు వంత కలుపుతారు, నష్టం లేదు. కమిటీకి నేను పెట్టబోయేది ఇదీ: పిలిచిన బృందం వచ్చే రోజే ముందు అరగంట మెంబర్లకి, ట్రాక్ లేకుండా. టికెట్టు డబ్బు మొత్తం బృందానికే, రేటు ముందే మాట్లాడుకుని. లాన్ ప్రెసిడెంటు గారికి ప్రాణం. అయినా షటిల్ కోర్టు వెనక ఖాళీ స్థలం ఉంది, మంటకి అది చాలు. భోజనం మాత్రం డైనింగ్ హాల్లో, మెంబర్ల పక్కనే. టికెట్టు కంటే దీనికే గొడవ అవుతుందని నా అనుమానం.

టౌన్‌హాల్ పక్కిల్లు:
ఇంట్లో నలుగురం, మనిషికి 200 అంటే 800. గోడకి ఇవతలే కూర్చుని వింటాం లెండి.