ద్యాత్లోవ్ కనుమ మరణాలు: అన్నిటికీ ఒకే సహజ కారణం చెప్పవచ్చా?

ప్రశ్న:
1959 ఫిబ్రవరి 1వ తేదీ రాత్రి సోవియట్ రష్యాలోని ఉత్తర ఉరల్ పర్వతాల్లో స్కీ యాత్రకు వెళ్లిన ఇగోర్ ద్యాత్లోవ్ బృందంలోని తొమ్మిది మందీ మరణించిన ఉదంతాన్ని చదివినప్పటి నుంచి మనసు కుదుటపడడం లేదు. గుడారాన్ని లోపలి నుంచే కోసి, బూట్లు కూడా వేసుకోకుండా బయటికి వెళ్లారు. ఇద్దరి ఒంటి మీద లోదుస్తులే ఉన్నాయి, కొందరి పక్కటెముకలు విరిగాయి, ఒకామెకు నాలుక లేదు. వీటన్నిటికీ సరిపోయే సహజ కారణం ఉందా?

జవాబు 1:
అన్నిటికీ ఒకే కారణం కావాలనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది. గుడారం కోసం వాళ్లు వాలును తవ్వి చదును చేశారు. పైనుంచి వీచే గాలి ఆ కోతకు ఎగువన మంచును పేరుస్తూ పోయి ఉంటే, కొన్ని గంటల తరువాతైనా గట్టి మంచు పలక ఒకటి విరిగి, పడుకున్న వాళ్ల మీదికి జారగలదని 2021లో గోమ్, పుజ్రిన్ అనే పరిశోధకులు లెక్కకట్టి చూపారు. అలాంటప్పుడు గుడ్డను కోసుకుని బయటపడడం వింతేమీ కాదు. నాలుక సంగతి ఇంకా సులువు: ఆమెతో సహా నలుగురి దేహాలు మే నెలలో గాని వాగులో దొరకలేదు, అప్పటికి వాటి చుట్టూ కరిగిన మంచునీరు పారుతోంది, అలాంటి నీటిలో నాలుక వంటి మెత్తని భాగాలు ముందుగా పాడైపోతాయి. ఇక లోదుస్తులంటారా, చలికి ప్రాణం పోయే దశలో చర్మపు రక్తనాళాలు ఒక్కసారిగా సడలి, ఒళ్లు మండిపోతున్నట్టు అనిపించి, మనిషి బట్టలు విప్పేసుకోవడం వైద్యులకు తెలిసిన విషయమే.

జవాబు 2:
చివరి మాటతో ఏకీభవించలేను. లోదుస్తులతో, సైబీరియన్ పైన్ చెట్టు కింద మంట పక్కన దొరికిన ఆ ఇద్దరి బట్టల ముక్కలు వాగులో దొరికిన వాళ్ల ఒంటి మీద ఉన్నాయి. ఒకామె పాదానికి ఉన్ని ప్యాంటు ముక్క చుట్టి ఉంది. అంటే చనిపోయిన మిత్రుల దుస్తులను బతికున్నవాళ్లు కోసి తీసుకున్నారు. ఈ ఒక్క వివరం గమనిస్తే అక్కడ పిచ్చి కాదు, బతకాలన్న పట్టుదల కనిపిస్తుంది.

ప్రశ్నించినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే ఫిబ్రవరి 26వ తేదీన గుడారాన్ని కనుగొన్నవారికి మంచుచరియ విరిగిపడిన జాడే కనిపించలేదు, వాలు కూడా అంత నిటారు కాదు కదా?

జవాబు 1:
బట్టల విషయంలో నేను తొందరపడ్డాను, సవరణకు ధన్యవాదాలు. వాలు పైకి అంత నిటారుగా కనిపించకపోయినా, మంచు కింద గుడారం దగ్గర సుమారు 28 డిగ్రీలు ఉంది. పలక కొద్ది మీటర్లదే అయితే మూడు వారాల గాలి ఆ జాడను చెరిపేయగలదు. పక్కటెముకలు మాత్రం వాగులోనే విరిగాయేమోనని నా అనుమానం, ఎందుకంటే అంతటి గాయాలతో చీకట్లో సుమారు కిలోమీటరున్నర దిగడం దాదాపు అసాధ్యం. పైగా దిగువకు సాగిన అడుగుజాడలు పరుగెత్తినవి కావు, నడిచినవి.