ఇంజన్ మూత మెత్తబడిపోయింది, బాగుచేయాలా కొత్తది చేయించాలా?

కాకినాడ_తీరం:
అందరికీ నమస్తే అండి. మాది కాకినాడ, నాన్నగారికి ఫైబర్ బోటు ఉంది. ఇంజన్ డెక్కు కింద, దానిపైన సుమారు నాలుగడుగుల పొడవు మూడడుగుల వెడల్పు మూత. వేట నిషేధం కదా, ఏప్రిల్ 15 నుంచి బోటు ఒడ్డునే ఉంది, జూన్ 14 దాకా టైముంది, ఇంజన్ పని అయిపోయింది కానీ ఈ మూత దగ్గరే ఆగిపోయాం.

మూత మధ్యలో కాలేస్తే కిందకి దిగుతోంది, తీస్తే మళ్ళీ పైకొస్తోంది. బందుల స్క్రూలు బిగిద్దామంటే ఊరికే తిరుగుతున్నాయి, ఒకటి పీకితే ఆ కన్నంలోంచి టీ డికాషన్ లాంటి నీళ్ళు కారాయి. అల పైకొచ్చినప్పుడల్లా నీళ్ళు లోపల ఆల్టర్నేటర్ మీద పడుతున్నాయి, పోయినేడాది దాన్ని రెండోసారి వైండింగ్ చేయించాం.

ఇక్కడ హార్బర్‌లో ఫైబర్ పనిచేసే ఆయన "పైన రెండు మ్యాట్లు (గాజు పీచు పరుపులు) వేసేస్తా, గట్టిపడిపోద్ది" అంటున్నాడు. ఇంకొకాయన కన్నాలు పెట్టి రెసిన్ (పీచుని అతికించి గట్టిపడే ద్రవం) పోద్దాం అంటున్నాడు. మా బావ ఏమో పాతది పారేసి మధ్యలో థర్మోకోల్ పెట్టి కొత్తది చేసేద్దాం, తేలిగ్గా ఉంటది అంటున్నాడు. ఎవరి మాట వినాలి? ఈ పని నేనే చేసుకోగలనా? గ్రైండర్ పట్టడం అలవాటే కానీ రెసిన్ పని చూడటమే తప్ప చేసింది లేదు.

విశాఖ_ఫైబర్:
తమ్ముడూ, పైన రెండు మ్యాట్లు అన్నాయన మాట వినకు. బరువు పెరుగుద్ది, లోపల కుళ్ళు అలాగే ఉంటాది. నీ మూత శాండ్‌విచ్ అనమాట, పైన ఫైబర్ పొర, కింద ఫైబర్ పొర, మధ్యలో ప్లైవుడ్. పైపొర కిందిపొర రెండూ ప్లైకి అతుక్కుని ఉన్నంతసేపే దానికి బలం, ప్లై కుళ్ళి ఊడిపోయాక రెండు పల్చటి రేకులే మిగులుతాయి, అందుకే దిగుతోంది. ఫైబర్ కుళ్ళదు, కుళ్ళింది కట్టె. నీళ్ళు ఎక్కడినుంచి పోయాయో నువ్వే చెప్పేశావు, బందుల స్క్రూ కన్నాల్లోంచి. మా దగ్గరకి వచ్చే మూతల్లో ఎక్కువ శాతం ఇదే కత. ప్లైలోకి నేరుగా స్క్రూ దింపేసి పైన కాస్త సిలికాన్ పూసి పంపేస్తారు.

ముందు ఎంతవరకు పోయిందో చూడు. ఐదు రూపాయల బిళ్ళతోనో స్పానర్ వెనకతోనో మూతంతా జానెడు జానెడు కొట్టుకుంటూ పో, టంగుమని గట్టిగా మోగితే బావుంది, డబడబమంటే పోయింది. మార్కర్‌తో గీత గీసుకో. పావు వంతు లోపైతే బాగుచేయొచ్చు, సగం దాటితే కొత్తదే నయం.

బాగుచేయాలంటే మూతని బోర్లా వేసి కిందవైపు నుంచి కొయ్యి, పైన జెల్‌కోట్, అంటే ఆ నున్నటి రంగు పొర, దాని జోలికి పోకు. కిందిపొర మాత్రమే తెగేలా గ్రైండర్ బ్లేడు లోతు పెట్టి నాలుగు పక్కలా కోసి లేపేస్తే కుళ్ళిన ప్లై చేత్తోనే ఊడొస్తది. మంచి కట్టె తగిలేదాకా ఉలితో గీకు, ఆ తర్వాత ఎండలో బాగా ఆరనియ్. ఆరకుండా రెసిన్ వేస్తే ఆర్నెల్లకి మళ్ళీ నా దగ్గరికే వస్తావు. లోపలి ఫైబర్‌ని 36 నంబర్ డిస్కుతో తెల్లగా గరుకుగా రుద్ది అసిటోన్‌తో తుడిచి, రెసిన్‌తో తడిపిన మ్యాట్ మీద కొత్త ప్లై ముక్క కూర్చోబెట్టి ఇటుకలు పెట్టు. ప్లైకి అక్కడక్కడా చిన్న కన్నాలు కొట్టు, లేకపోతే గాలి కింద ఇరుక్కుపోద్ది. చివర్లో కోసిన చోట పాత పొరని ఏటవాలుగా రుద్దుకోవాలి, పొర 3 మిల్లీమీటర్లు ఉంటే వాలు దానికి 12 రెట్లు, అంటే ఇంచున్నర పొడుగు. నిలువు గోడలా వదిలేసి పైన మ్యాట్ అంటిస్తే ఆ గీత మీదే పగులుద్ది.

కన్నాలు పెట్టి రెసిన్ పోయడం అనేది కట్టె పొడిగా ఉండి పొర మాత్రమే లేచినప్పుడు పనికొస్తది. నీ దాంట్లోంచి డికాషన్ కారుతోంది కదా, తడి కట్టెకి ఏ రెసినూ పట్టదు.

కాకినాడ_తీరం:
థాంక్స్ అన్నా, కొట్టి చూశాను. బందుల వైపు మొత్తం డబడబే, మధ్యలో కూడా, గడియ వైపు ఒక్క జానెడు మాత్రం గట్టిగా ఉంది. అయితే కొత్తదే అన్నమాట. థర్మోకోల్ సంగతి ఎవరూ చెప్పలేదు, బావ తెచ్చేసేలా ఉన్నాడు.

గల్ఫ్_గోదారోడు:
బావని ఆపండి బాబూ. మనం వాడే పాలిస్టర్ రెసిన్‌లో స్టైరీన్ అనే ద్రావకం ఉంటుంది, థర్మోకోల్ మీద పోస్తే కళ్ళముందే కరిగి గుంటపడిపోద్ది. నమ్మకపోతే ఒక చిన్న ముక్క మీద రెండు చుక్కలు వేసి చూపించండి, ఆయనే తీసుకెళ్ళి షాపులో ఇచ్చేస్తాడు. తేలిగ్గా కావాలంటే పీవీసీ ఫోమ్ షీట్ కానీ కాస్త గట్టి పీయూ (పాలీయురెథేన్) ఫోమ్ కానీ వాడాలి, అవి రెసిన్‌కి కరగవు.

నేను ఇక్కడ గల్ఫ్‌లో బోటు యార్డులో చేస్తాను, చిన్న మూతలకి ప్రత్యేకంగా మౌల్డ్ ఏమీ చేయం. ప్లై మీద సన్‌మైకా అంటించిన బల్ల తీసుకుని దాని చుట్టూ నాలుగు అంగుళాల పక్క చెక్కలు బిగించి, మూలల్లో ప్లాస్టిసిన్ పెట్టి వేలితో గుండ్రంగా లాగేస్తాం. పక్క చెక్కలు కాస్త బయటికి వాలి ఉండాలి, నిటారుగా పెడితే గట్టిపడ్డాక మూత బయటికి రాదు, సుత్తితో కొట్టాల్సొస్తుంది. బల్లని కూడా చదునుగా కాకుండా మధ్యలో ఒక 15, 20 మిల్లీమీటర్లు కిందకి వంగేలా పెట్టండి, తిప్పాక మూత మధ్యలో ఉబ్బుగా వస్తుంది, నీళ్ళు నిలవవు, బలం కూడా. ఆ తర్వాత మైనం మళ్ళీ మళ్ళీ పూసి పాలిష్ చేయడం, దానిమీద పీవీఏ (అతుక్కోకుండా పల్చటి పొరలా ఆరే ద్రవం) ఒక పూత, అది ఆరాక జెల్‌కోట్. ఇక్కడ తొందరపడితే మూత మౌల్డ్‌కే అతుక్కుంటుంది.

నా ఓటు ఫోమ్‌కే. ఇద్దరు కళాసీలు ఎత్తాల్సిన మూతని ఒక్కడే ఎత్తుతాడు.

విశాఖ_ఫైబర్:
యార్డు బోటుకి ఫోమ్ బానే ఉంటది తమ్ముడూ, వేట బోటుకి నేను ఒప్పుకోను. ఆ మూత మీద ఐసు పెట్టె లాగుతారు, వల బరువులు పడేస్తారు, వల నోరు తెరిచి ఉంచే ఇనప బోర్డు జారి పడుద్ది. తక్కువ రకం ఫోమైతే అక్కడ లొట్టపడి పైపొర ఊడుద్ది. ప్లై మంచిదే, కానీ ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై తీసుకో. ఐఎస్ 303 ది ఇంటి కప్‌బోర్డులకి, షాపువాడు "అదీ వాటర్‌ప్రూఫే" అంటాడు, నవ్వి వచ్చేయ్. 12 మిల్లీమీటర్ల మందం చాలు.

అసలు కిటుకు ప్లైలో లేదు, అంచులో ఉంది. ప్లైని మూత అంచుదాకా తీసుకురాకు, చుట్టూ రెండంగుళాలు ముందే ఆపెయ్, ఆ మిగిలిన చోట పైపొర కిందిపొర కలిసి ఉత్త ఫైబర్‌గా ఉండాలి. ప్లై అంచుల్ని 45 డిగ్రీలు చెక్కు, మ్యాట్ నిలువు మూల మీద మడవదు, వెనక గాలి మిగులుద్ది. బందులు గడియ వచ్చే చోట ప్లై అసలు పెట్టకు, అక్కడ మ్యాట్ ముక్కలు పొరల మీద పొరలు వేసి గట్టి ఫైబర్ చేసెయ్, తర్వాత స్క్రూలు కాదు, ఇటునుంచి అటు దిగే బోల్టులు, కింద పెద్ద వాషర్లు. ఇలా చేస్తే రేపు బోల్టు కన్నంలోంచి నీళ్ళు కారినా కుళ్ళటానికి అక్కడ కట్టె లేదు. బోల్టులు 316 స్టీల్ అడుగు. అయస్కాంతంతో చూసి తేల్చేస్తాం అంటారు కొందరు, అది ఉత్తదే, ఉప్పునీళ్ళకి తక్కువ ఆగే 304 స్టీల్ కూడా అయస్కాంతానికి పెద్దగా అంటదు.

లెక్క రాసుకో. జెల్‌కోట్ అర మిల్లీమీటర్ మందం వచ్చేలా రెండు పూతలు, నీ సైజుకి పక్క గోడలతో కలిపి కిలో దాకా పోద్ది. దాని వెనక 300 మ్యాట్ (అంటే చదరపు మీటరుకి 300 గ్రాములు) ఒకటి, 450 మ్యాట్ ఒకటి, 600 రోవింగ్ (లావు గాజు దారాల నేత) ఒకటి, మళ్ళీ 450 ఒకటి, ఆ చివరి మ్యాట్ తడిగా ఉండగానే ప్లై. ప్లైకి ముందే అన్ని వైపులా, కన్నాల్లో కూడా, రెసిన్ తాగించి ఉంచుకో. కిందవైపు రెండు 450 మ్యాట్లు. మ్యాట్‌కి దాని బరువుకి రెండు, రెండుంపావు రెట్లు రెసిన్, రోవింగ్‌కి సరిసమానం. పక్క గోడలతో, వేస్టేజీతో కలిపి పది కిలోలు తెచ్చుకో. మామూలు జీపీ కాకుండా ఐసో రెసిన్ అడుగు, కొంచెం రేటు ఎక్కువ, ఉప్పునీళ్ళకి ఆగుద్ది.

మే ఎండలో నువ్వు ఇబ్బంది పడేది రెసిన్‌ని గట్టిపరిచే హార్డనర్ దగ్గరే. కిలోకి పది ఎంఎల్, అంటే ఒక శాతం. తొందరగా గడ్డ కడుతోందని అంతకంటే తగ్గించకు, ఎప్పటికీ సరిగా గట్టిపడదు. దాని బదులు తెల్లారగట్లే మొదలెట్టి అరకిలో అరకిలో కలుపుకో. డబ్బాలో మిగిలింది అలా వదిలేస్తే వేడెక్కి పొగలొస్తాయి, వెడల్పాటి పళ్ళెంలో పోసి బయట పడెయ్. ఒకటి మాత్రం ఒట్టేసి చెప్తున్నా, హార్డనర్‌నీ, దాని పని వేగం చేసే కోబాల్ట్‌నీ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోయొద్దు, పేలుద్ది. కోబాల్ట్ ముందు రెసిన్‌లో బాగా కలిపి ఆ తర్వాతే హార్డనర్. చాలా డబ్బాల్లో కోబాల్ట్ కలిపే వస్తది, అడిగి తెచ్చుకో. కంటికి అద్దాలు పెట్టుకో, హార్డనర్ చుక్క కంట్లో పడితే వెంటనే పావుగంట నీళ్ళతో కడిగి డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి. గ్రైండింగ్‌కి మూతికి తువ్వాలు కట్టుకుంటే సరిపోదు, మంచి మాస్క్ కొను.

మ్యాట్ తడిసిందో లేదో కంటికే తెలుస్తది, తెల్లగా ఉన్నది రెసిన్ తాగాక గాజులాగా అయిపోయి కింద రంగు కనపడుద్ది. తెల్ల మచ్చ ఉందంటే అక్కడ గాలి, గాడుల రోలర్‌తో అంచువైపుకి నెట్టెయ్.

డీజిల్_బాబాయ్:
మీ ఫైబర్ పని మీరు చూసుకోండి గానీ, ఇంజన్ తరఫున నేనో మాట. మూత కొత్తదైనా మూత కూర్చునే గట్టు పాతదే కదా బాబూ? డెక్కుకి కన్నం కోసినప్పుడు ఆ కోసిన అంచులో డెక్కు ప్లై బయటికి కనిపిస్తుంటే నీళ్ళు మూతలోకి వెళ్ళకపోయినా డెక్కులోకి వెళ్తాయి. స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు. మెత్తగా ఉంటే ఒక అంగుళం లోపలికి తవ్వేసి, రెసిన్‌లో మ్యాట్ పీచు కలిపిన ముద్ద కూరి, పైన మ్యాట్ చుట్టెయ్.

ఆల్టర్నేటర్ మీద నీళ్ళకి నా అనుమానం గాడి మీద. గట్టు చుట్టూ నీళ్ళు పోయే గాడి, దానికి డెక్కు మీదకి ఒక పైపు ఉంటాయి చూడు, ఆ పైపు వేలెడు లావు కూడా ఉండదు. చేప పొలుసులు, వల దారం ముక్కలు, గ్రీజు కలిసి ముద్దలా పట్టేసి ఉంటుంది. గాడి నిండగానే నీళ్ళు లోపలి గట్టు దాటి సరిగ్గా బెల్టు మీద పడతాయి, బెల్టు ఇంజన్ రూమంతా చల్లుతుంది. ఒక్క పైపు తీసేసి వెనక రెండు మూలల్లో ఇంచున్నర పైపులు రెండు పెట్టించు. కడ్డీ దూర్చి శుభ్రం చేసుకునేలా తిన్నగా ఉండాలి, వంపులొద్దు.

రబ్బరు బీడింగ్ కార్ల షాపులో దొరికేది డీజిల్ ఆవిరికి ఉబ్బి ఊడిపోద్ది, నియోప్రీన్ అడుగు. అలాగని గాలి పోకుండా మొత్తం బిగించేయకు, ఇంజన్‌కి ఊపిరాడాలి. గాలి దారి మూతలో కాకుండా పక్కన మెడ వంచిన పైపులతో ఉంటే నీళ్ళు రావు. సైలెన్సర్ పైపు మూతకి దగ్గరగా పోతుంటే దానికి గ్లాస్ ఊల్ చుట్టించు, మామూలు రెసిన్ వేడికి మెత్తబడి వంకర తిరుగుతుంది.

ఇంకోటి, కొలత తీసేముందు గేర్‌బాక్స్ పైకొస్తుందో లేదో చూసుకో. మూత చిన్నదని డెక్కు కోసిన బోట్లు నాకు తెలుసు.

కాకినాడ_తీరం:
బాబాయ్ గారూ, ఇప్పుడే పోయి చూశా, గాడి పైపు నిజంగానే మూసుకుపోయింది, కడ్డీ పెడితే నల్లటి ముద్ద వచ్చింది, వాసన చెప్పలేను. గట్టు ముందువైపు మాత్రం స్క్రూడ్రైవర్ దిగింది, అదీ తవ్వుతాం. గేర్‌బాక్స్ వస్తుంది, సరిగ్గా నాలుగు వేళ్ళ సందు ఉంది.

ప్లైతోనే చేస్తున్నాం, బావ అలిగాడు. ఆఖరిగా రెండు డౌట్లు. కిందవైపు చివరి పొర ఎంతసేపు ఆరినా చేతికి జిగురుగా ఉంటుందట, నిజమేనా? గట్టు పనికి ఇంట్లో మిగిలిన ఎపాక్సీ (ఇంకో రకం రెసిన్) ఉంది, వాడేయొచ్చా?

గల్ఫ్_గోదారోడు:
జిగురు నిజమే, పాలిస్టర్ గాలి తగిలే వైపు పూర్తిగా ఆరదు. చివరి పూతలో మైనం కలిపిన స్టైరీన్ కొంచెం కలపండి, మైనం పైకి తేలి గాలి తగలకుండా ఆపుతుంది. దానిమీద మళ్ళీ ఏదైనా వేయాలంటే మాత్రం ఆ మైనం రుద్ది తీసేయాలి.

ఎపాక్సీ పాత పాలిస్టర్ మీద బాగానే పడుతుంది, ఎపాక్సీ మీద పాలిస్టర్ కానీ జెల్‌కోట్ కానీ సరిగా పట్టదు. గట్టుకి ఎపాక్సీ వాడితే పైదాకా ఎపాక్సీయే వాడి మీద పీయూ పెయింట్ వేసుకోండి. దాంతో చాప్‌డ్ మ్యాట్ (పైన చెప్పిన మ్యాట్లే) వద్దు, మ్యాట్‌ని పట్టి ఉంచే బైండర్ స్టైరీన్‌కి కరుగుతుంది గానీ ఎపాక్సీకి కరగదు, మూల మీద మడవకుండా లేచి నిలబడుతుంది. గ్లాస్ క్లాత్ వాడండి.

విశాఖ_ఫైబర్:
వాన మబ్బు పట్టిన రోజు మ్యాట్ కట్ట విప్పకు, తేమ లాగేస్తది. బందులు బిగించేటప్పుడు సిలికాన్ కాదు, పీయూ సీలెంట్. సిలికాన్ ఒకసారి పూసిన చోట రేపు జెల్‌కోట్ అతుకు వేయాలన్నా పట్టదు. జెల్‌కోట్ రెండో పూత మీద వేలు పెట్టి చూడు, జిగురుగా ఉండి వేలికి అంటకపోతే అప్పుడు మొదటి మ్యాట్ వెయ్. అంతకంటే ముందేస్తే పైన ముడతలొస్తాయి.