బుడమేరు వంతెన మీద నీటిమట్టం సెన్సర్ మధ్యాహ్నం ఎక్కువ చూపిస్తోంది, ఎందుకు?

సింగ్‌నగర్_వాసి:
బుడమేరు వంతెన రెయిలింగుకి జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ అల్ట్రాసోనిక్ సెన్సర్ (ధ్వని పంపి, ప్రతిధ్వని వచ్చే సమయాన్ని బట్టి దూరం కొలిచేది) బిగించాం, ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో. నీళ్లకి మూడు మీటర్ల ఎత్తులో ఉంది. ఎండ ముదిరేకొద్దీ మట్టం 10, 12 సెంటీమీటర్లు పెరిగినట్టు చూపించి రాత్రికి దిగుతోంది. ఒక్కోసారి ఉన్నట్టుండి అర మీటరు ఎగబాకుతోంది. 2024 సెప్టెంబరు లాంటి వరదొస్తే దీన్ని నమ్మొచ్చా? ఉపగ్రహ చిత్రాలతో సరిచూసుకునే వీలుందా?

గట్టు_గేజీ:
మొదటిది ధ్వని వేగంతో వచ్చిన తేడా అండీ. కోడ్‌లో సెకనుకి 343 మీటర్లని ఉంటుంది, అది 20 డిగ్రీల లెక్క. అసలు వేగం 331.3 + 0.606 × ఉష్ణోగ్రత. 42 డిగ్రీల్లో దాదాపు 357. ప్రతిధ్వని ముందే వచ్చేసి 3 మీటర్లు 2.88గా కనిపిస్తుంది. మీ 12 సెంటీమీటర్లు అవే. డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్ ఒకటి వంతెన కింద గాలిలో వేలాడదీసి ఆ సూత్రం కోడ్‌లో పెట్టండి. కాంక్రీటుకి ఆనించొద్దు, అది పొద్దుపోయాక కూడా వేడిగానే ఉంటుంది.

అర మీటరు ఎగబాకేది చాలావరకు గుర్రపుడెక్క వల్లే. తేలుతూ వచ్చి సెన్సర్ కింద ఆగితే నీళ్ల బదులు ఆకులు పలుకుతాయి. పది రీడింగుల సగటు తీసినా లాభం లేదు, ఆ మొక్కల తెప్ప గంటల తరబడి కదలదు. పైపు దించి అందులో ఇదే సెన్సర్ పెడదామనుకోకండి. దీని ధ్వని బాగా విచ్చుకుంటుంది, గోడలకే తగిలి వెనక్కొస్తుంది.

నాలుగంగుళాల పీవీసీ పైపుకి అడుగున చిన్న కన్నాలు వేసి, లోపల 0-5 మీటర్ల ప్రెజర్ సెన్సర్ (పైనున్న నీటి ఒత్తిడిని బట్టి లోతు చెప్పేది) దించండి. బురదకి 30 సెంటీమీటర్ల పైన ఉండాలి.

సింగ్‌నగర్_వాసి:
ప్రెజర్ సెన్సర్లో, కొలతని కరెంటుగా పంపే 4-20 మిల్లీయాంప్ రకమే దొరికింది. దాన్ని వోల్టేజీగా మార్చడానికి 250 ఓమ్ రెసిస్టర్ సరిపోతుందా?

గట్టు_గేజీ:
వద్దండీ, 20 మిల్లీయాంప్ దగ్గర 5 వోల్టులు వస్తుంది, ఈఎస్‌పీ32 పిన్ను పోతుంది. 150 ఓమ్ వేస్తే 0.6 నుంచి 3 వోల్టులే. చదవడానికి వోల్టేజీని అంకెలుగా మార్చే ఏడీఎస్1115 చిప్పు పెట్టండి, ఈఎస్‌పీ32 సొంత కొలత పైభాగంలో వంగిపోతుంది. ప్రెజర్ సెన్సర్ కేబుల్లో సన్నటి గాలిగొట్టం ఉంటుంది. దాని మూతి మూసుకుపోతే వాతావరణ పీడనం ఒక హెక్టోపాస్కల్ మారినప్పుడల్లా ఒక సెంటీమీటరు తప్పు. ఆ మూతి ఉండే పెట్టెలో తేమ పీల్చే సిలికాజెల్ పొట్లం వేసి, గోడ మీద 2024 వరద మరక కన్నా పైన బిగించండి.

రాడార్_చూపు:
ఉపగ్రహం సంగతి: యూరప్ ఉపగ్రహాల్లో కెమెరాతో చూసే సెంటినల్-2 మబ్బుల్లోంచి చూడలేదు. సెంటినల్-1 రాడార్ చూస్తుంది. నిలకడ నీరు అందులో నల్లగా పడుతుంది. కానీ గుర్రపుడెక్క కప్పిన నీరు పొలంలా తెల్లగా కనిపిస్తుంది. నీళ్లు నిలిచిన వీధులూ అంతే, గోడకీ నీటికీ తగిలి కిరణం తిరిగొచ్చేస్తుంది. పైగా ఒక్కో ఉపగ్రహం అదే దారిలో మళ్లీ వచ్చేది 12 రోజులకి. పొలాల వైపు ముంపు ఎంత మేర పాకిందో గీసుకోవడానికి వాడండి, గంటల్లో ఎక్కే బుడమేరుకి హెచ్చరిక మాత్రం పైపులో సెన్సరే ఇవ్వాలి.