సైకిల్ సీటు ఎంత ఎత్తు పెట్టాలి? మోకాలు నొప్పెడుతోంది

తార్నాక కుర్రాడు: కొత్తగా హైబ్రిడ్ సైకిల్ కొన్నాను. కాసేపు తొక్కగానే మోకాలి చిప్ప ముందు నొప్పి మొదలవుతోంది. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనుతున్నాయి. మార్చాలా?

గండిపేట గాలి: సీటు బాగా కిందికి ఉంది. గోడ పట్టుకుని కూర్చుని, మడమ పెడల్ మీద పెట్టండి. పెడల్ అడుగుకి వెళ్ళినప్పుడు కాలు నిటారుగా రావాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగంతో తొక్కుతాం కాబట్టి మోకాలు కొద్దిగా వంగే ఉంటుంది. నడుము అటూ ఇటూ ఊగుతోందంటే ఎత్తు ఎక్కువైనట్టు. బరువు గేరులో ఈడ్చడం కూడా మానండి.

అంబర్‌పేట అట్లాస్: పెంచకు తమ్ముడూ. ఆటో సడెన్‌గా అడ్డమొస్తే కాలు ఎక్కడ పెడతావు? ఇట్లాంటి సలహా విని పెంచి మా అంబర్‌పేటలో సిక్స్ నంబర్ దగ్గర పడ్డాను. మోచెయ్యి ఇప్పటికీ సరిగా వంగదు.

గండిపేట గాలి: ఆగేటప్పుడు సీటు మీదే కూర్చుంటారా అన్నా? ముందుకు జారి, కడ్డీకి చెరోవైపు కాలు వేసి నిలబడాలి.

నెక్లెస్ రోడ్ నాని: టైర్లలో గాలెంత? ఎన్ని పీఎస్ఐ పట్టాలో టైరు పక్కనే రాసుంటుంది, చూడు.

అంబర్‌పేట అట్లాస్: నిలబడాలంటే ఫ్రేము మన సైజుది కావాలి కదా! షాపువాడు నాకు పెద్దది అంటగట్టాడు. మార్చమంటే బిల్లు లేదన్నాడు.

గండిపేట గాలి: అది షాపు గొడవ. ఇక్కడ అడిగింది సీటు గురించి.

అంబర్‌పేట అట్లాస్: నేనూ సీటు గురించే చెప్తున్నా. మీరు కారు వెనక సైకిల్ కట్టుకుని ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) పక్కన సైకిల్ ట్రాక్‌కి పోతారు. 23 కిలోమీటర్లు, నెత్తిన సోలార్ కప్పు, అడ్డమొచ్చేవాడు లేడు. అక్కడ సీటు ఎంత లేపినా నడుస్తుంది.

గండిపేట గాలి: అందుకే అక్కడికి పోతున్నా. రోడ్డు మీద తొక్కి మా తమ్ముడు కాలు విరగ్గొట్టుకున్నాడు. సరదాకి తొక్కేదానికి ప్రాణం మీదికి తెచ్చుకోవాలా?

అంబర్‌పేట అట్లాస్: అంటే కారు లేనోడికి సరదా ఉండొద్దా? అది చెప్పండి ముందు.

గండిపేట గాలి: నేను అలా అనలేదు.

అంబర్‌పేట అట్లాస్: ఇంకెట్లా అంటారు?

తార్నాక కుర్రాడు: నేను తొక్కేది పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లో. సీటు రెండు వేళ్ళంత పెంచాను. మడమ లెక్కకి ఇంకా కొంచెం తక్కువే, కానీ నొప్పి తగ్గింది. ఆగితే కాలి వేళ్ళు నేలకి ఆనుతున్నాయి.

అంబర్‌పేట అట్లాస్: కాలు ఆనాలని నేను చెప్పిందదే.

గండిపేట గాలి: మీరు చెప్పింది 'పెంచకు' అని. పైనే ఉంది, చదువుకోండి.