రెండున్నరేళ్ల పాపతో గుట్టల్లో, అడవి తొవ్వల్లో నడక: ఎలుగుబంట్లు తిరిగే చోట ఎట్లా ఎత్తుకోవాలి, ఏం జాగ్రత్తలు?

హన్మకొండ_అమ్మ

సంక్రాంతి సెలవుల్లో ముగ్గురు పెద్దవాళ్లం, రెండున్నరేళ్ల పాపతో రెండు చోట్లకు పోవాలనుకుంటున్నాం. ఒకరోజు రేగొండ దగ్గరి పాండవుల గుట్టలు, ఇంకోరోజు తాడ్వాయి వైపు. రాత్రి బస తాడ్వాయిలోనే. పాప బరువు 12 కిలోలు. కాసేపు నడుస్తుంది, తర్వాత ఎత్తుకోమంటుంది. వీపుకు తగిలించుకునే ఫ్రేము క్యారియర్ ఒకటి, నడుముకు బిగించి కట్టుకునే బట్ట క్యారియర్ ఒకటి ఉన్నాయి. ఏది తీసుకెళ్లాలి? పాప కాళ్లకు మువ్వలు కడితే జంతువులు దూరం పోతాయని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు, నిజమేనా? ఎన్ని గంటలకు మొదలుపెట్టి ఎప్పటికి తిరిగి రావాలి? పాము గానీ కోతి గానీ కరిస్తే మొదటి గంటలో ఏం చేయాలి? పోవద్దని కాకుండా ఎట్లా పోవాలో చెప్పండి.

పాకాల_తొవ్వ

అక్కా, ముందుగాల ఎలుగుబంటి సంగతి. చిరుత మనిషి అలికిడి వింటే చాలావరకు తనే తప్పుకుంటది. ఎలుగుబంటి అట్ల కాదు. దానికి చూపు తక్కువ. పుట్టల మూతి పెట్టి చెదలు పీల్చుకుంటున్నప్పుడు చుట్టుపక్కల సప్పుడు గూడ పట్టించుకోదు. మనం దగ్గరికొచ్చినంక ఒక్కసారే బెదిరి మీదికొస్తది. అందుకే మన పనల్లా దాన్ని బెదరగొట్టకుండ, మనం వస్తున్నమని దూరం నుంచే ఎరుక జేసుడు.

మువ్వలు కట్టున్రి, కాని అవి పిల్ల ఎక్కడుందో మీకు తెల్వడానికే. వాగు పక్కన, ఎదురుగాలిల మువ్వల సప్పుడు పది గజాలు గూడ పోదు. ముందు నడిచే మనిషి మామూలు గొంతుతోనే ఆగకుండ మాట్లాడాలె. మలుపు కాడ, బండ సందు కాడ, పొదలు దట్టంగ ఉన్న కాడ ఆగి, రెండు చప్పట్లు కొట్టి, గట్టిగ పిలిచి, జర సేపు విని అప్పుడు అడుగెయ్యాలె.

పొద్దుగూకినంక, తెల్లారకముందు అది మేతకు తిరుగుతది. పగలు బండల చల్లదనంల పండుకుంటది. పాండవుల గుట్టలు ఇసుకరాతి గుట్టలు, అన్నీ చీలికలు, గుహలే. పాతకాలం రంగుల బొమ్మలున్న కాడికి జనం పోతనే ఉంటరు, అక్కడ భయం తక్కువ. దాని పక్కన వెలుతురు పడని సందు కనబడితె టార్చి కొట్టి తొంగి సుడొద్దు, పిల్లను అటు దిక్కు పోనియ్యొద్దు. జనవరిల ఆరు గాకముందే పొద్దు గూకుతది. తొమ్మిదికి మొదలుపెట్టి మూడున్నరకల్లా బండి కాడ ఉండున్రి. మీరు వచ్చేది రేగుపండ్ల కాలం, రేగు చెట్ల కింద ఎలుగుబంటి తిరుగుతది. ఎండకాలం ముంగట అయితే ఇప్పపూల కాడ ఇదే సంగతి. తొవ్వ మీద అప్పుడే తవ్విన పుట్ట, ఇంక తడి ఆరని మన్ను, రేగు గింజలున్న లద్దె కనబడితె ఆ రోజుకు ఎనకకు మళ్లుడే. ఇంక కొంచెం పోదాం అని అనుకోవద్దు.

దూరంగ కనబడితె నిలబడి, మొఖం దాని దిక్కే ఉంచి, వచ్చిన తొవ్వల్నే మెల్లగ ఎనకకు రావాలె. ఉరకొద్దు, మనకన్న జోరుగ ఉరుకుతది. చెట్టెక్కితె అది గూడ ఎక్కుతది. ఆఖరికి మీద పడితె పిల్లను రొమ్ముకు అదుముకొని, పిల్ల కిందికొచ్చేటట్టు బోర్ల ముడుచుకొని, రెండు చేతులు మెడ ఎనక పెట్టుకోవాలె. అది కొట్టేది తల మీద, మొఖం మీదనే. ఇప్పుడు మీ క్యారియర్ సవాలుకు జవాబు గిదే. వీపు మీద పిల్ల ఉంటే మీరు బోర్ల పడ్డప్పుడు పైన ఉండేది పిల్ల. పొదలు దట్టంగ ఉన్న కాడ పిల్ల ముందర రొమ్ము మీదనే ఉండాలె.

బండరాయి_బాట

పై మాటతో చాలావరకు ఏకీభవిస్తాను, ఒక్కచోట తప్ప. 12 కిలోల పాప రొమ్ము మీద ఉంటే మీ పాదాలు మీకు కనపడవు. గుట్ట దిగేటప్పుడు జారిపడటం ఎలుగుబంటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా జరిగే ప్రమాదం. కాబట్టి ఫ్రేము క్యారియర్ ఇంట్లో పెట్టి బట్ట క్యారియర్ తీసుకెళ్లండి, ముందుకూ వెనక్కూ మార్చుకోవచ్చు. ఎత్తుపల్లాల బండ మీద వెనక, చదునుగా ఉన్న పొదల బాటలో ముందు. ఫ్రేముకున్న ఇంకో చిక్కు: కింది కొమ్మ తప్పించుకోవడానికి మీరు వంగితే పాప తల ఆ కొమ్మకే తగులుతుంది. బట్ట క్యారియర్ లేబుల్ మీద ఎన్ని కిలోల వరకో రాసి ఉంటుంది, చూడండి. 15 కిలోలకు తక్కువైతే వద్దు.

మోసేవాళ్ల బరువులో ఐదో వంతుకు మించి వీపున ఉండకూడదు. 65 కిలోల మనిషికి అది 13 కిలోలు, అంటే పాపతోనే నిండిపోయింది. నీళ్లు, మందులు, తిండి మిగతా ఇద్దరు మోయాలి. నీళ్లు పెద్దవాళ్లకు తలా రెండు లీటర్లు, పాపకు ఒక లీటరు. సగం నీళ్లు అయిపోయాయంటే ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. అరగంట, ముప్పావు గంటకోసారి పాపను దించి కాళ్లు ఆడించనివ్వండి, వేలాడే కాళ్లు తిమ్మిరెక్కుతాయి. పొద్దున చలిలో నడిచే మీకు చెమట పడుతుంది కానీ కదలకుండా కూర్చున్న పాపకు చలేస్తుంది. మీ ఒంటి వేడిని బట్టి కాదు, పాప మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. దించినప్పుడు గడ్డి మీద కాకుండా బండ మీద గానీ దుప్పటి మీద గానీ కూర్చోబెట్టండి.

వరుస ఇలా ఉండాలి: ముందు ఒకరు, మధ్యలో పాపను ఎత్తుకున్నవాళ్లు, వెనక ఒకరు. పాప నడుస్తున్నప్పుడు కూడా మధ్యలోనే, చెయ్యి పట్టుకునే. చిన్నపిల్లల ఎత్తు చూసి చిరుత వేట అనుకునే ప్రమాదం ఉంది. ఎదురుపడితే వీపు చూపించకండి. నడుము వంచకుండా మోకాళ్లు మడిచి కూర్చున్నట్టుగా పాపను ఎత్తుకొని లేవాలి, మిగతా ఇద్దరు పక్కకు చేరి చేతులు పైకెత్తి అరవాలి. ఈ ఎత్తుకోవడం ఇంటి దగ్గరే పదిసార్లు ప్రాక్టీస్ చేయండి.

ఇంకొకటి, దీన్ని ఎవరూ చెప్పరు. అడవి అంచున పొలాల చుట్టూ కొందరు అడవి పందుల కోసం దొంగతనంగా కరెంటు తీగలు పెడతారు. సాయంత్రం పెట్టి తెల్లారాక తీస్తారు. మసక చీకట్లో కనపడవు, తగిలితే మనిషి బతకడు. దగ్గరి దారి అని పొద్దు గూకే వేళ పొలం గట్ల మీద నుంచి రాకండి.

ములుగు_నర్సమ్మ

మీరు పాములూ కోతులూ అడిగారు కానీ, ఈ వయసు పిల్లలకు నేను ముందు చెప్పేది చేతులూ నోరూ. బండల దగ్గర పిల్లలు చేసే మొదటి పని రాళ్లు తిప్పడం, దాని కింద తేలుంటుంది. పెద్ద నల్ల తేలు చూసి భయపడతాం గానీ చిన్న ఎర్రతేలే ప్రమాదం. కుట్టాక ఒళ్లంతా చెమట, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడటం కనపడితే గుండె మీద పనిచేస్తున్నట్టు, వెంటనే ఆసుపత్రి. రెండోది గురిగింజలు. చలికాలంలో కాయలు పగిలి ఎర్రగా నల్లగా మెరుస్తూ తీగ మీద కనపడతాయి. నమిలితే విషం, లక్షణాలు గంటల తర్వాత గానీ రావు. మింగిందని అనుమానం ఉన్నా ఆగకుండా తీసుకెళ్లండి. రేగుపండు గింజ తీసి చిదిమి పెట్టండి, గింజతో ఇస్తే గొంతుకు అడ్డం పడుతుంది.

పాము కరిస్తే తాడు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, మంచు పెట్టొద్దు. కాలి పట్టీలు, గాజులు, బిగుతు బట్టలు తీసేయండి, వాపు వస్తే అవే బిగుస్తాయి. కరిచిన కాలికి చిన్న కర్ర ఆనించి చున్నీతో వదులుగా చుట్టి, కదలకుండా ఎత్తుకొని దిగండి. పాపను నడిపించొద్దు. 108కి ఫోన్ చేయండి. అడవిలో సిగ్నల్ దొరకదు కాబట్టి ఒకరు పాపను మోస్తుంటే ఒకరు ముందుకు పోయి బండి సిద్ధం చేయాలి. యాంటీవీనమ్ (పాము విషానికి విరుగుడు మందు) మోతాదు పిల్లలకని తగ్గించరు, పాము ఎక్కించిన విషం ఎవరికైనా అంతే కదా. అదే విషం చిన్న ఒంట్లో ఇంకా త్వరగా పనిచేస్తుంది. పామును పట్టుకోవడానికో చంపడానికో ఒక్క నిమిషం కూడా పోగొట్టొద్దు.

రాత్రి బస అన్నారు కదా, కట్లపాము కరిచేది ఎక్కువగా నిద్రలోనే. నొప్పి, వాపు పెద్దగా ఉండవు. పొద్దున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం కనపడితే అది అజీర్తి అనుకోకండి. పాపను నేల మీద పడుకోబెట్టొద్దు. దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి, మలేరియాకూ అదే రక్ష.

కోతి కరిచినా గీరినా సబ్బుతో పారే నీళ్ల కింద గడియారం చూసి 15 నిమిషాలు కడగాలి. కట్టు బిగించొద్దు, పసుపు, కారం పెట్టొద్దు. అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టాలి. చర్మం చీలి రక్తం వస్తే టీకాతో పాటు గాయంలోకి ఇమ్యూనోగ్లోబులిన్ (టీకా పనిచేసేలోపు కాపాడే ఇంజెక్షన్) కూడా ఇవ్వాలి. అది చిన్న ఆసుపత్రుల్లో లేకపోతే వరంగల్ ఎంజీఎం పెద్దాసుపత్రికి పోండి. తిరిగొచ్చాక మూడు వారాల లోపు జ్వరం వస్తే చంకలు, గజ్జలు, చెవుల వెనక వెతకండి. సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు కనపడితే డాక్టరుకు చూపించి అడవికి పోయొచ్చామని చెప్పండి. స్క్రబ్ టైఫస్ (పొదల్లో ఉండే కంటికి ఆనని పురుగు కుట్టి వచ్చే జ్వరం) అట్లా దొరుకుతుంది, మందు చవకే, ఆలస్యమే ప్రమాదం.

హన్మకొండ_అమ్మ

ఫ్రేము క్యారియర్ వద్దనుకున్నాం. ఇంకో రెండు సందేహాలు. పాప చేతిలో బిస్కెట్ లేకపోతే నడవదు, కోతులున్న చోట ఏం చేయాలి? దోమల క్రీము ఈ వయసుకు రాయొచ్చా?

పాకాల_తొవ్వ

బిస్కెట్లు బండిలనే తినిపించున్రి, లేకుంటె చుట్టూ కోతి లేదని చూసి కూసున్న కాడ. నడిచేటప్పుడు చేతిల తిండి, చప్పుడు చేసే ప్లాస్టిక్ కవరు ఉండొద్దు. కోతి కవరును సూసే వస్తది. వచ్చి గుంజితె పట్టుకోకుండ ఇచ్చెయ్యున్రి. దాని కండ్లల్ల కండ్లు పెట్టొద్దు, పండ్లు కనబడేటట్టు నవ్వొద్దు, దానికి అది కయ్యమే. పాపను వెంటనే పైకెత్తుకొని మెల్లగ పక్కకు జరగాలె.

బండ చరియ కింద పెద్ద తేనెపట్టు కనబడితె పొగ, సెంటు, కేకలు ఏదీ వద్దు. లేచినయంటే పాప మీద చున్నీ కప్పి, చేతులాడించకుండ ఆగకుండ దూరం పోవాలె. నీళ్లల్ల మునిగితె పైకి లేచేదాక అవి అక్కడనే తిరుగుతుంటయి.

ములుగు_నర్సమ్మ

క్రీము రాయొచ్చు. పాప అరచేతులకు, కళ్లు, నోటి దగ్గర రాయకండి, చేతులు నోట్లో పెట్టుకుంటారు. మీ అరచేతిలో వేసుకొని చెవుల వెనక, మెడకు, బట్టలు కప్పని చోట పలుచగా పూయండి, గదికి చేరగానే సబ్బుతో కడిగేయండి. డబ్బా మీద నిమ్మ యూకలిప్టస్ నూనె అని ఉంటే అది మూడేళ్లు దాటినవాళ్లకే. పొడుగు చేతుల లేత రంగు చొక్కా, ప్యాంటు అంచు సాక్సులోకి దోపితే క్రీము అవసరమే సగం తగ్గుతుంది.

బండరాయి_బాట

తాడ్వాయి చుట్టూ ఏటూరునాగారం అభయారణ్యం ఉంది, అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి పోవడం నేరం. టికెట్ తీసుకునేటప్పుడే బీటు సిబ్బందిని ఒక్క మాట అడగండి: ఈ వారం ఎలుగుబంటి, పులి జాడ ఎటువైపు కనపడింది అని. వాళ్లు వద్దన్న దారి వద్దే. పోయే దారి, తిరిగొచ్చే టైము ఒక కాగితం మీద రాసి గేటు దగ్గర ఇవ్వండి, ఐదు గంటలకల్లా రాకపోతే వెతకమని చెప్పండి.