ఇంటి కష్టం డ్యూటీలో ఉన్న జవానుకు చెప్పాలా, దాచాలా?

వంశధార_ఒడ్డు:
మాది టెక్కలి దగ్గర పల్లె. తమ్ముడు ఆర్మీలో ఉన్నాడు, ఇప్పుడు ఐక్యరాజ్యసమితి శాంతి దళంతో దక్షిణ సూడాన్ వెళ్ళాడు. అక్కడ 2013 డిసెంబరులో అంతర్యుద్ధం మొదలైంది, 2018లో ఒప్పందం కుదిరినా కాల్పులు ఆగలేదు. ఇక్కడేమో నాన్నకి బైపాస్ చెయ్యాలన్నారు. అమ్మ "వాడికి చెప్పొద్దు, నా మీద ఒట్టు" అంటోంది. ఏం చెయ్యమంటారు?

రాజాం_కోడలు:
చెప్పకండి అన్నయ్యా. మావారూ ఆ దేశంలో చేసి వచ్చారు. చెప్తే మాత్రం ఏం చేస్తారు, బస్సెక్కి వచ్చేసే దూరమా? మా బాబుకి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు ఫోన్ కెమెరా పాడైందని చెప్పి ఉత్తి మాటలతో సరిపెట్టాను. తగ్గాక చెప్పాను. కోప్పడ్డారు, అంతే. తుపాకీ పట్టుకున్న మనిషికి ఇంటి టెన్షన్ కూడానా?

పలాస_జీడి:
మీరు దాచినా మీ చిన్నాన్న దాచడు. ఆపరేషన్ థియేటర్ గుమ్మం దగ్గర సెల్ఫీ దిగి స్టేటస్ పెట్టేస్తాడు. మా ఇంట్లో అదే జరిగింది.

మాజీ_హవల్దారు:
అమ్మా రాజాం కోడలా, బిడ్డకి తగ్గింది కాబట్టి మీ ఆయన కోపంతో సరిపెట్టాడు. తగ్గకపోతే?

నేను శ్రీలంక వెళ్ళినవాణ్ణి. అక్కడి అంతర్యుద్ధంలో మన శాంతి సేన 1987 జూలై నుంచి 1990 మార్చి దాకా ఉంది. దాదాపు 1,200 మంది తిరిగి రాలేదు. కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అని రాసిన ఇన్‌లాండ్ లెటరే మాకు ఇల్లు. మా నాన్న ఉత్తరం ఎవరిచేత రాయించినా, పైన అడ్రస్ మాత్రం వంకర అక్షరాలతో తనే రాసేవాడు. ఒకసారి అడ్రస్ కూడా అన్నయ్య రాతలోనే వచ్చింది. లోపల "అందరం క్షేమం" అని ఉంది. విప్పకముందే నాకు అర్థమైపోయింది. అప్పటికి పెద్దకర్మ కూడా అయిపోయిందని తర్వాత తెలిసింది. ఆ తర్వాత ఇంటి నుంచి ఏ ఉత్తరం వచ్చినా నమ్మబుద్ధి కాలేదు. డ్యూటీలో మనసు చెదిరేది అందుకే, నిజం తెలిసి కాదు.

బాబూ, చెప్పు. కానీ రాత్రిపూట వాట్సాప్‌లో పడెయ్యకు. ముందు యూనిట్‌కి ఫోన్ చేసి అధికారికి చెప్పు, ఆయన పక్కన కూర్చోబెట్టుకుని చెప్తాడు. సెలవు దొరకచ్చు, దొరక్కపోవచ్చు. డాక్టరు కాగితాలతో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళు, దారి చెప్తారు.

రాజాం_కోడలు:
మీ కాలంలో ఉత్తరాలు బాబాయ్ గారూ, ఒకటి చదివి నెమ్మదించేలోపు ఇంకోటి వచ్చేది కాదు. ఇప్పుడు గంటకోసారి "బీపీ ఎంత" అని అడుగుతూ కూర్చుంటారు. నేనైతే ఆపరేషన్ అయ్యాకే చెప్తాను.

వంశధార_ఒడ్డు:
బాబాయ్ చెప్పినట్టే చేస్తాను. అక్కడ మనకంటే మూడున్నర గంటలు వెనక, కాబట్టి మధ్యాహ్నం చేస్తే వాళ్ళకి పొద్దున్న అవుతుంది. యూనిట్ నంబరు తమ్ముడి పెట్టెలో ఉంది, తాళం అమ్మ దగ్గరుంది. ముందు ఆవిడని ఒప్పించాలి.