కాలిబ్రేషన్ ఎక్కడ చేయించాలి: మన షెడ్డులోనా, హైదరాబాద్ ల్యాబులోనా?

మడికొండ వర్క్‌షాప్:
మాది యంత్ర భాగాలు చేసే చిన్న వర్క్‌షాప్. మైక్రోమీటర్లు, వెర్నియర్లు, డయల్ గేజ్‌లు కలిపి పొడవు, మందం కొలిచే పరికరాలు 26 ఉన్నాయి. కాలిబ్రేషన్‌కు, అంటే అవి సరిగ్గా చూపుతున్నాయో లేదో సరిచూడడానికి, ఏటా హైదరాబాద్ ల్యాబుకు పంపితే తిరిగి వచ్చేదాకా వారం పది రోజులు పని కుంటుపడుతోంది. ఇప్పుడు ఒక సంస్థవాళ్లు మా దగ్గరికే వచ్చి, ఒక్క రోజులో అన్నీ చూసి సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు. నాకు ఒప్పుకోవాలని ఉంది. మా భాగస్వామి వద్దంటున్నాడు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కొలతల గది:
మీ భాగస్వామి మాటే సరైనది. పొడవు కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. 1931 నుంచి ప్రపంచమంతా అదే. మే నెలలో మన రేకుల షెడ్డులో 42 ఉంటుంది. 100 మిల్లీమీటర్ల ఉక్కు ముక్క ఆ తేడాకు 0.025 మిల్లీమీటరు సాగుతుంది. మీ మైక్రోమీటరు మీద అది రెండున్నర గీతలు. మైక్రోమీటరు కూడా ఉక్కే కదా, రెండూ కలిసి సాగుతాయి అంటారు. రెండూ ఒకే వేడిలో ఉంటేనే ఆ మాట చెల్లుతుంది. పెట్టెలోంచి అప్పుడే తీసిన స్లిప్ గేజ్ (సరిచూడడానికి వాడే కచ్చితమైన ఉక్కు ముక్క), గంటసేపు చేతుల్లో తిరిగిన మైక్రోమీటరు ఒకే వేడిలో ఉండవు. ల్యాబులో వాటిని ఒకే రాతి బల్ల మీద గంటల తరబడి వదిలేసి, ఆ తర్వాతే ముట్టుకుంటాం.

గోదావరిఖని ఇన్‌స్ట్రుమెంట్:
మైక్రోమీటర్ల వరకు ఒప్పుకుంటాను. కానీ అన్ని పరికరాలకూ ల్యాబే గతి అన్నట్టు మాట్లాడితే ఒప్పుకోలేను. నేను పనిచేసిన చోట ఒక ప్రెషర్ గేజ్ ఎప్పుడూ ఎక్కువ చూపేది. మూడుసార్లు విప్పి ల్యాబుకు పంపాం, మూడుసార్లూ బాగానే ఉందని తిరిగి వచ్చింది. చివరికి అక్కడే నిలబడి చూస్తే అర్థమైంది. పైపు పైన ఉంది, గేజ్ కంటికి అందేలా అయిదు మీటర్ల కింద బిగించారు. మధ్యలో సన్నని గొట్టం నిండా నీళ్లు. ఆ నీటి బరువే గేజ్ మీద దాదాపు అర బార్ అదనంగా పడుతోంది. దాన్ని ల్యాబు బల్ల మీద ఎవరు పట్టుకోగలరు?

ఉష్ణోగ్రత సెన్సార్లదీ ఇదే కథ. వేడిని బట్టి విద్యుత్ నిరోధం మారే పీటీ 100 సెన్సారులో డిగ్రీకి మారేది 0.385 ఓమ్ మాత్రమే. రెండు తీగల కనెక్షన్‌లో ఒక స్క్రూ తుప్పు పట్టి ఒక ఓమ్ కలిసిందా, అంకె రెండున్నర డిగ్రీలు పైకి పోతుంది. ల్యాబులో ముంచి చూసేది సెన్సారును. తుప్పు మాత్రం ఇక్కడే మిగిలిపోతుంది.

కొలతల గది:
అన్నా, అది బిగింపులో తప్పు, గేజ్ తప్పు కాదు. దాన్ని కాలిబ్రేషన్ లెక్కలో వేయకూడదు.

గోదావరిఖని ఇన్‌స్ట్రుమెంట్:
బాయిలర్ దగ్గర నిలబడ్డ ఆపరేటర్‌కు ఆ విభజన దేనికి సార్? అతను నమ్మేది డయల్ మీది అంకెను. ఆ అంకె నిజమా కాదా అన్నదే నా ప్రశ్న.

ఎనుమాముల కాటా:
లారీలు తూచే 60 టన్నుల వేబ్రిడ్జిని ల్యాబుకు ఎవరు మోస్తారు? తూనికల శాఖ వాళ్లు ఏటా ఇక్కడికే వచ్చి ముద్ర వేస్తారు. మాకు తెలిసిన ఒక కాటాలో మూలమూలకూ తూకం రాళ్లు పెట్టి చూస్తే ఒక మూల 20 కిలోలు తక్కువ చూపింది. అడుగున మట్టి, పత్తి చెత్త పేరుకుని ప్లాట్‌ఫారం ఆనుతోంది. నిండు బండి ఎక్కితేనే ఆనుతుంది, ఖాళీ బండికి ఆనదు. కాబట్టి ఖాళీ తూకం సరిగ్గా వస్తుంది, నిండు తూకం తరుగుతుంది. 2025-26లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఒక్క బండికి రైతు 1,622 రూపాయలు పోగొట్టుకుంటాడు. కాటా కింద బరువు పట్టే లోడ్ సెల్ విప్పి ఎక్కడికి పంపినా ఈ దోషం దొరకదు.

విత్తన పరీక్ష:
ఎలక్ట్రానిక్ త్రాసులను కూడా ఉన్నచోటే చూడాలి. భూమ్యాకర్షణ ఊరూరికీ మారుతుంది. ఢిల్లీలో సరిచేసిన త్రాసును వరంగల్ తెచ్చి అలాగే వాడితే కిలోకు అర గ్రాముకు పైగా తక్కువ చూపుతుంది.

కొలతల గది:
కాటాలు, త్రాసుల గురించి నాకు పేచీ లేదు. అయితే ఆ తూకం రాళ్లు కూడా ఏదో ల్యాబులో సరిచూసినవే కదా. మడికొండ సోదరుడి ప్రశ్నకు మాత్రం నా జవాబు మారదు. 26 పరికరాలు ఎనిమిది గంటల్లో అంటే ఒక్కోదానికి 18 నిమిషాలు. తుడవడం, సున్నా చూడడం, స్కేలు పొడవునా పలు చోట్ల కొలవడం, రాసుకోవడం అన్నీ అందులోనే. పరికరం చల్లబడడానికి వ్యవధి ఏది? వచ్చేవాళ్ల ఎన్.ఏ.బి.ఎల్. (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు పత్రం అడగండి. ల్యాబులో చేసే పని వేరుగా, బయటి స్థలంలో చేసేది వేరుగా అందులో ఉంటాయి. బయటి పనికి రాసిన అనిశ్చితి, అంటే ఫలితం ఎంత అటూ ఇటూ కావచ్చో, మీ పనికి సరిపోతుందేమో చూడండి. ఆ రోజు షెడ్డులో ఉష్ణోగ్రత ఎంతో సర్టిఫికెట్‌లో రాయకపోతే తీసుకోకండి.

మడికొండ వర్క్‌షాప్:
18 నిమిషాల లెక్క నాకు తట్టలేదు. మైక్రోమీటర్లు, డయల్ గేజ్‌లు రెండు విడతలుగా ల్యాబుకే పంపుతాం, సగం చేతిలో ఉంటే పని ఆగదు. కంప్రెసర్ గేజ్‌లు, తూకం యంత్రం మాత్రం ఇక్కడే చేయిస్తాం.

గోదావరిఖని ఇన్‌స్ట్రుమెంట్:
మంచిది తమ్ముడూ. పంపేముందు ఒక పని చెయ్యి. 25 మిల్లీమీటర్లు కొలవగల ప్రతి మైక్రోమీటరుతో నీ దగ్గరున్న 25 మిల్లీమీటర్ల సెట్టింగ్ ముక్కను (కచ్చితమైన పొడవు తెలిసిన ముక్క) కొలిచి, ఏమీ సరిచేయకుండా ఆ రీడింగ్ నోటుబుక్‌లో రాసిపెట్టు. తిరిగి వచ్చాక అదే ముక్క మళ్లీ కొలువు. దారిలో దెబ్బ తగిలిందో లేదో ఆ రెండు అంకెలే చెబుతాయి.